గంధం లేని బొట్టు

"సాయంత్రం దాకా టైం మీది ఆంటీ. ఆ తర్వాత నాది," అన్నాడు తారక్, బేస్‌మెంట్ మెట్ల మీద నిలబడి.

ఆంటీ అన్న పిలుపు వాడు కావాలనే పిలుస్తాడు. కాల్గరీలో హత్యకేసులు చూసే డిటెక్టివ్‌లలో తెలుగువాళ్లు ఇద్దరంటే ఇద్దరు, ఆ ఇద్దరికీ ఒక్క క్షణం పడదు. బాలకుమారిది నరసాపురం, యాభై దాటిన మనిషి, తన నోరు మంచిది కాదని ఎవరూ అనకముందే తనే అనేస్తుంది. తారక్ ఈ కెనడాలోనే, సర్రీలో పుట్టి పెరిగాడు. అమ్మానాన్నల పుణ్యమా అని తెలుగు వచ్చు, ఎవరి పుణ్యమో తెలీదుగానీ ఓపిక మాత్రం రాలేదు.

"సాయంత్రం దాకా ఎందుకు బాబూ, నువ్వు మొదటిరోజే తీర్పు చెప్పేశావుగా," అంది బాలకుమారి.

చెప్పేశాడు మరి. కేసు చూస్తే ఎవరైనా అదే చెబుతారు. దసరా పొద్దున ఊరవతల షూటింగ్ రేంజ్‌లో వంశీధర్ అనే ఐటీ ఉద్యోగి తన రైఫిల్ పేల్చాడు. ముందుకు పోవాల్సిన దెబ్బ వెనక్కి వచ్చింది. రైఫిల్ ఇనుము చీలి మొహంలో దిగింది, ఆస్పత్రికి చేరాక ప్రాణం పోయింది. ఆ పెట్టెలో మిగిలిన తూటాలు విప్పి చూస్తే వాటిలో ఉండాల్సిన మందు లేదు, ఉండకూడని మందు ఉంది. అవి కొట్లో కొన్న తూటాలు కావు. వాడేసిన ఇత్తడి గుల్లల్ని మళ్లీ నింపి ఇంట్లో చేసుకున్నవి. ఈ బేస్‌మెంట్‌లో, గోడవారగా బల్లకి బిగించిన ఈ రీలోడింగ్ ప్రెస్ మీద వాటిని చేసేది వంశీధర్ కాదు, అతని భార్య చాందిని. ఆయిల్ కంపెనీలో మెకానికల్ ఇంజినీరు.

"అందరి పెళ్లాలూ మొగుడికి లంచ్ బాక్స్ కడతారు. ఈవిడ ఇది కట్టింది," అని నవ్వాడు తారక్. పిల్లని ఎవరికి అప్పగించాలో కూడా ఫోన్ చేసి మాట్లాడేశాడట. నాలుగేళ్ల స్నేహ. తల్లిని తీసుకెళితే నాయనమ్మ లక్ష్మీకాంతంతో కలిసి బాబాయి కిరీటి ఇంటికి వెళుతుంది. ఆ మాట వినగానే బాలకుమారికి ఒళ్లు మండింది. కారణం నిన్ననే తెలిసింది ఆవిడకి.

ఆగస్టులో బాన్ఫ్ వెళ్లే రోడ్డు మీద ఒక సైకిల్ మనిషిని ఏదో కారు గుద్ది ఆగకుండా పోయింది. ఆ మనిషి బతకలేదు. ఆ కారు కిరీటిది, పక్క సీట్లో ఉన్నది అన్న వంశీధర్. పండగ వెళ్లాక ఇద్దరం పోలీసుల దగ్గరికి వెళ్దాం, నువ్వు రాకపోతే నేనే వెళ్తానని వంశీధర్ తమ్ముడితో అన్నాడని చాందిని ఏడుస్తూ చెప్పింది. తారక్ విని భుజాలెగరేశాడు. మొగుడు పోయాక పెళ్లాం పుట్టించిన కథ అన్నాడు. కిరీటి కారు అమ్మేశాడు, అది ఎక్కడుందో ఇంకా దొరకలేదు.

తారక్ పైకి వెళ్లాడు. పైన టీవీలో బొమ్మల పాటలు మోగుతున్నాయి. "బాబాయ్, వన్ మోర్ ఎపిసోడ్," అని పిల్ల గొంతు, "ఓకే రా కన్నా," అని కిరీటి గొంతు వినిపించాయి. అన్న పోయిన దగ్గర్నుంచి ఇల్లు వదలకుండా, పిల్లని ఒళ్లోంచి దించకుండా ఉన్నాడు. చుట్టుపక్కల తెలుగువాళ్లంతా తమ్ముడంటే అలా ఉండాలని చెప్పుకుంటున్నారు.

బాలకుమారి చాందినిని కిందికి రమ్మంది. జుట్టు దువ్వుకోలేదు, కళ్లు లోపలికి పోయాయి. బాలకుమారి కూర్చోమని కూడా అనలేదు.

"నేను అక్షరం ముక్క రానిదాన్ని అనుకో. ఈ మర సంగతి బల్ల దగ్గర్నుంచి చెప్పు. ఏడుపు తర్వాత."

చాందిని చెప్పింది. పనిలో పడేసరికి మాట స్థిరపడింది. బల్ల కదిలితే తూటాలు ఒక్కోటీ ఒక్కో పొడుగు వస్తాయని ముందు బల్లని గోడలోని కర్రలకి బిగించిందట. ప్రెస్ కూర్చునే చోట పలక కింద ఇంకో పలక వేసి, బోల్టులు కిందిదాకా దించిందట. పిడి కిందికి లాగితే లోపలి కడ్డీ పైకి లేస్తుంది. కడ్డీ నెత్తిన గుల్లని నిలబెడతారు. పైన డై అనే ఉక్కు గొట్టం మరలు తిప్పి ఎక్కించి ఉంటుంది. గుల్ల దాని నోట్లోకి వెళ్లినప్పుడు గుల్ల మూతి మీద పెట్టిన బుల్లెట్, అంటే పేలాక ఎగిరిపోయే మొన, ఎంత లోతుకి దిగాలో అంతే దిగుతుంది.

"ఆ లోతు ఎవరు నిర్ణయిస్తారు?"

"డై ఒళ్లు ఎంత కిందికి దిగాలో ఒక్కసారి సరిచూసుకుని, చుట్టూ ఈ రింగు బిగించేస్తాం మేడమ్. ఇక దాన్ని ముట్టుకునే పని లేదు. నేను ప్రెస్ పెట్టిన రోజు బిగించిందే, మళ్లీ తాకలేదు. చిన్నచిన్న మార్పులన్నీ నెత్తి మీద ఈ నంబర్ల బిళ్లతోనే."

"నీ నంబర్ ఎంత?"

"డెబ్భై రెండు. ఎప్పుడూ అదే. ఆయన రైఫిల్‌కి అదే కుదిరింది."

"ఎవరెవరికి తెలుసు?"

"ఆయనకి తెలుసు. కిరీటికి తెలుసు. ఆదివారాలు ముగ్గురం ఇక్కడే కూర్చునేవాళ్లం. కిరీటికి నేనే నేర్పాను. తనూ ఒక సెకండ్ హాండ్ ప్రెస్ కొన్నానన్నాడు, తర్వాత అమ్మేశానన్నాడు."

బాలకుమారి టార్చి వేసి చూపించింది. బిళ్ల మీద గీత సరిగ్గా డెబ్భై రెండు దగ్గర ఉంది. చాందిని మొహంలోకి కాస్త ప్రాణం వచ్చింది. నా నంబర్ నా నంబర్‌గానే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు అంది.

"సంబరపడకు. నిన్ను జైల్లో పెట్టేది ఆ డెబ్భై రెండే."

జేబులోంచి ఒక చిన్న సంచీ తీసింది. వంశీధర్ ప్రాణం తీసిన పెట్టెలోని తూటా అందులో ఉంది, ల్యాబ్‌వాళ్లు మందు తీసేసి ఇచ్చారు. దాన్ని కడ్డీ మీద నిలబెట్టి పిడి లాగమంది. చాందిని రెండు చేతులతో లాగింది. పిడి కిందిదాకా మెత్తగా వచ్చింది, చివర్లో డై లోపలి ఉక్కు బుల్లెట్‌ని ముట్టీ ముట్టనట్టు తాకింది. అంటే ఈ తూటా కొలతా ఈ ప్రెస్ కొలతా అచ్చంగా ఒకటే. తారక్ కేసు మొత్తం ఇదే. ప్రెస్ ఆమెది, నంబర్ ఆమెది, వేలిముద్రలు ఆమెవి, తూటా పొడుగు ఈ ప్రెస్‌కి సరిపోయింది. ఇంకేం కావాలి?

చాందిని పిడి వదిలేసింది. "ఇవి నేను చెయ్యలేదు మేడమ్."

"చెయ్యనిదానివి ఇందులో ఎలా సరిపోయాయి? మొగుడు పోతే కన్నీళ్లు రావడం చూశాను. పెళ్లాం దొరికిపోతే రావడం కూడా చూశాను. రెండూ ఒకేలా ఉంటాయి. నాకు కన్నీళ్లొద్దు, కారణం చెప్పు."

ఆ మాటకి చాందిని ఆవిడకేసి అసహ్యంగా చూసింది. మంచిదే, అనుకుంది బాలకుమారి. కోపం వచ్చిన బుర్ర పనిచేస్తుంది, ఏడ్చే బుర్ర చెయ్యదు. అనుకున్నట్టే అయింది. చాందిని కళ్లు తుడుచుకుని, వేసవిలో చేసిన పాత పెట్టెలోంచి ఒక తూటా తెచ్చి ఇందులో పెట్టి చూడండి, అప్పుడు మాట్లాడండి అంది.

బాలకుమారి రెండో జేబులోంచి రెండో సంచీ తీసింది. అదీ మందు తీసేసిందే. వేసవి పెట్టెలోది, తారక్‌కి చెప్పకుండా తెచ్చింది. అడక్కుండా దానంతటదే చాందిని నోటినుంచి ఆ మాట వస్తుందా రాదా అని చూసింది. దొంగ అయితే పాత తూటా ఊసు ఎత్తదు.

పాత తూటా పెట్టి లాగేసరికి పిడి కిందిదాకా రాకముందే గట్టిపడింది. ఇంకా లాగితే బుల్లెట్ లోపలికి దిగిపోతుంది. అంటే పాతది పొడుగు, కొత్తది పొట్టి. నెత్తి మీద నంబర్ మాత్రం రెండింటికీ డెబ్భై రెండే.

ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. మొదట నోరు తెరిచింది చాందిని.

"ఒళ్లు తిప్పారు. నంబర్ ముట్టుకుంటే నాకు ఇట్టే తెలిసిపోతుందని బిళ్లని వదిలేసి, రింగు వదులు చేసి డై మొత్తాన్ని కిందికి తిప్పారు."

"నీ నోటి మాట. వేసవిలో నంబర్ వేరే పెట్టావంటాడు తారక్. తిప్పినట్టు సాక్ష్యం ఏది?"

బాలకుమారి ఆమెని పైకి పంపేసి, టార్చి పట్టుకుని ఆ ప్రెస్ ముందు వంగింది.

మర నిండా బొట్లున్నాయి. నవమి నాడు ఆయుధపూజ చేశారు ఇంట్లో. కారుకి, లాప్‌టాప్‌కి, మిక్సీకి, తుపాకులు పెట్టే ఇనప్పెట్టెకి, ఈ ప్రెస్‌కి. మర్నాడు ఉద్వాసన చెప్పి తుడిచేవాళ్లే, కానీ ఆ పొద్దున్నే చావు కబురొచ్చింది. ఇక మైల. మైల తీరేదాకా పూజలో పెట్టిన వస్తువు ముట్టుకోవడానికి వీల్లేదని లక్ష్మీకాంతం పట్టుబట్టింది. ఫోరెన్సిక్ వాళ్లు కూడా పరాయివాళ్ల మతం జోలికి పోకూడదని పిడి మీద ముద్రలు తీసుకుని బొట్లని వదిలేశారు. వాళ్ల మర్యాద పాడుగాను, అసలైనది వదిలేశారు.

పిడి మీద బొట్టు ముందుకి ఉంది. దిమ్మ మీద, బల్ల అంచు మీద కూడా. డై ఒంటి మీద బొట్టు కూడా ముందుకే ఉంది. బాలకుమారి ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్లి చూసింది. మిగతా బొట్లన్నిటికీ కింద పసుప్పచ్చగా ఎండిపోయిన గంధం ఉంది, దాని మీద కుంకుమ. డై ముందున్న బొట్టుకి గంధం లేదు. వట్టి ఉక్కు మీద వట్టి కుంకుమ.

బాలకుమారి చర్చి పిల్ల. నుదుట బొట్టు పెట్టుకుని ఎరగదు. కానీ నరసాపురంలో పక్కింటి మాస్టారి సైకిలుకి ప్రతి దసరాకీ గంధం రాసే డ్యూటీ ఆవిడదే, కుంకుమ ఆయన కూతురిది. గంధం లేకపోతే కుంకుమ ఇనుముకి పట్టుకోదే మొద్దూ అని ఒకసారి మొట్టికాయ కూడా తింది.

చేతిసంచీలోంచి పౌడర్ డబ్బా తీసి, దాని మూతకున్న అద్దాన్ని డై వెనక గోడవైపు పెట్టింది. అద్దంలో ఇంకో బొట్టు కనబడింది. గంధం, దాని మీద కుంకుమ. శుభ్రంగా, గుండ్రంగా, గోడకేసి చూస్తూ.

గోడకి బొట్టు పెట్టే ఇల్లాలు ఉంటుందా ఎక్కడైనా? ముందుకి పెట్టిన బొట్టే వెనక్కి పోయింది. డై అరచుట్టు తిరిగింది, అదీ పూజ అయ్యాక. వేరే ప్రెస్ మీద చేసిన పొట్టి తూటాలకి ఈ ప్రెస్ కొలత సరిపోవాలనే తిప్పారు. తిప్పినవాడు బొట్టు గోడవైపు పోవడం చూశాడు. పరాయివాడైతే పట్టించుకోడు. మనవాడు గనక, ముందు బొట్టు లేకపోతే ముసలావిడ కంట్లో పడుతుందని భయపడ్డాడు. పక్కనే ఉన్న భరిణెలో వేలు ముంచి ఇంకోటి పెట్టాడు. మగాడు, పైగా తొందర. గంధం సంగతి గుర్తురాలేదు.

ఫొటోలు తీసుకుంది, అద్దంలోంచి కూడా. ఇక కావాల్సింది ఒక్కటే. పూజ నాడు బొట్లు పెట్టిన చేతినే అడగాలి.

లక్ష్మీకాంతం గది బేస్‌మెంట్‌లోనే, బల్ల పక్క గోడకి అవతల. ఆవిడ మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. డెబ్భై ఏళ్ల మనిషి, కొడుకు పోయిన దుఃఖంలో కూడా చీర కుచ్చెళ్లు చెదరలేదు. బాలకుమారి రికార్డర్ తీసి మంచం మీద పెట్టబోతే ఆవిడ దాన్ని చూసిన చూపు చూడాలి.

"పరామర్శకి వచ్చినదానివి పెట్టె పెట్టుకుని కూచుంటావుటే? మీ ఇళ్లల్లో ఇదేనా మర్యాద?"

బాలకుమారికి నిజంగానే సిగ్గేసింది. పెద్దావిడ, పైగా కొడుకు పోయిన తల్లి. ఆ పెట్టె చూస్తే నోరు కూడా కట్టేసుకుంటుంది. మీ మాట నిజమే పిన్నిగారూ, ఇది మనలో మనం మాట్లాడుకునేదే అని రికార్డర్ ఆపేసి చేతిసంచీలో పడేసింది. తర్వాత స్టేషన్‌కి పిలిపించి పద్ధతిగా మళ్లీ చెప్పిద్దాంలే అనుకుంది.

పెట్టె లోపలికి వెళ్లగానే నోరు బయటికొచ్చింది. కోడలి గురించే మొదలుపెట్టింది. తుపాకీమందుతో ఆటలాడే ఆడది ఇంటికి దీపం పెడుతుందా అంది. మొగుణ్ణి మింగి కూచుందంది. పుట్టింటివాళ్లు ఒక్కరూ రాలేదంది. పిల్లకి కూడా దాని పోలికే వచ్చిందని, ఆ పిల్లనైనా తాను మనిషిని చేసుకుంటానని అంది. బాలకుమారి అన్నిటికీ తల ఊపింది. లోపల మాత్రం పళ్లు నూరుకుంది. ఆగు ముసలమ్మా, నీ నోటితోనే నీ కొంప ముంచిస్తాను అనుకుంది. ఆ అనుకోవడంలో ఆవిడకి కొంచెం తీపి కూడా తగిలింది, అబద్ధమెందుకు.

"పూజ మాత్రం ఎంత చక్కగా చేశారు పిన్నిగారూ. ఆ మర మీద బొట్లు ఎవరు పెట్టారు, మీ కోడలా?"

"దాని మొహం. దానికి గంధం తియ్యడమే రాదు. ప్రతిదానికీ నేనే పెట్టాను, ఈ చేత్తో. ముందు గంధం, ఆరాక కుంకుమ. ఒక్కోదానికీ ఒక్కటే, ముందువైపు."

"ఒక్కటే?"

"రెండు పెడితే ఏమనుకుంటారు, సంత అనుకుంటారు."

"మర్నాడు ఎవరైనా ముట్టుకున్నారేమో?"

ఎవరు ముట్టుకుంటారంది ఆవిడ. దసరా పొద్దున్నే ఫోన్ రాగానే అందరూ ఆస్పత్రికి పరిగెత్తారు. కోడలు అక్కడే ఉండిపోయింది, పోలీసులు వచ్చి ఇంటికి తీసుకొచ్చేదాకా. మధ్యలో తనకి కళ్లు తిరిగితే బీపీ బిళ్లల కోసం కిరీటిని ఇంటికి పంపింది. పాపం అన్న శవం దగ్గర్నుంచి లేచి, అంత దుఃఖంలోనూ వెళ్లి, ఈ గదిలో వెతికి తెచ్చాడు. ఆలస్యమైంది కూడా, బిళ్లలు దొరకలేదట. దిండు కిందే ఉన్నాయి, అయినా పిచ్చివెధవ, తల్లి మందు కోసం ఎంత వెతికాడో అంది. కోడలితో వచ్చిన పోలీసులే బల్ల చుట్టూ టేపు కట్టేశారు. ఆ తర్వాత ఈ గదిలోకి తాను, ఆ బల్ల దగ్గరికి పోలీసులు, అంతే.

ఇంత శుభ్రంగా ఏ సాక్షీ ఏనాడూ చెప్పలేదు బాలకుమారికి. బొట్టు ఒక్కటే, ముందే, గంధంతో. ఆ తర్వాత ఒంటరిగా ఇంట్లో అడుగుపెట్టింది ఒక్క కిరీటి. కన్నతల్లి నోటితో.

అక్కడితో ఆగి, ఆవిణ్ణి కారెక్కించి స్టేషన్‌కి తీసుకెళ్లి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది. మెట్ల మీద బూట్ల చప్పుడైంది. తారక్ దిగాడు, వెనక ఒక యూనిఫాం ఆవిడ, ఆవిడ పక్కన చాందిని. చాందిని కోటు వేసుకుని ఉంది. టైం అయింది ఆంటీ అన్నాడు. చాందిని బాలకుమారికేసి చూసిన చూపులో పిల్ల ఒక్కతే కనబడింది. నన్నెక్కడ పెట్టినా ఫరవాలేదు, పిల్లని ఆ ఇంటికి పంపకండి అంది మెల్లగా.

అదిగో, అక్కడ బాలకుమారి తట్టుకోలేకపోయింది. తారక్ నవ్వు మొహం ఒకటి, గది గుమ్మంలో చేతులు కట్టుకుని కోడలి తమాషా చూస్తున్న ముసలావిడ ఒకటి. ఇద్దరికీ ఒకేసారి చురక పెట్టాలనిపించింది. ముఖ్యంగా ఆ ముసలావిడ మొహం ఎలా మారుతుందో కళ్లారా చూడాలనిపించింది.

అందర్నీ ప్రెస్ దగ్గరికి పిలిచి మొత్తం చెప్పింది. పాత తూటా పొడుగూ కొత్త తూటా పొడుగూ చూపించింది. వెనక అద్దం పెట్టి గోడవైపు బొట్టు చూపించింది. ముందున్న బొట్టు కింద గంధం లేకపోవడం చూపించింది. పూజ అయ్యాక ఎవరో డై తిప్పారు, బొట్టు వెనక్కి పోతే కంగారుపడి కొత్తది పెట్టారు అంది. తారక్ వంగి చూశాడు, వాడి నవ్వు పోయింది. అలవాటు ప్రకారం జేబులోంచి రికార్డర్ తీసి ఆన్ చేసి బల్ల మీద పెట్టాడు.

"పిన్నిగారూ, పెట్టింది మీరే. ఒక్కటే పెట్టానన్నారు, గంధం మీద పెట్టానన్నారు. ఈ రెండోది ఎవరు పెట్టారు? ఆ రోజు బీపీ బిళ్లలకి ఎవరొచ్చారు?"

లక్ష్మీకాంతం ఆ బొట్టుకేసి చూసింది. తర్వాత మెట్లకేసి చూసింది. పైన టీవీ ఆగింది, కిరీటి పిల్లకి ఏదో తినిపిస్తున్నట్టున్నాడు, ఇంకొక్క ముద్ద అంటున్నాడు. ముసలావిడ మొహంలో రంగు మొత్తం దిగిపోయింది. బాలకుమారి చూడాలనుకున్నది చూసింది. ఆవిడకి అర్థమైంది, ఏ కొడుకు ఏ కొడుకుని చంపాడో మొత్తం అర్థమైంది. ఒక్క క్షణం బాలకుమారికి జాలి కూడా వేసింది.

లక్ష్మీకాంతం గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతు మామూలుగా ఉంది.

"రెండోదీ నేనే పెట్టాను."

"పిన్నిగారూ."

"నవమి రాత్రి పడుకోబోతుంటే కోడలు ఈ మర దగ్గర ఏదో బిగిస్తోంది. పూజలో పెట్టినదాన్ని ముట్టుకుంటావేమిటే అన్నాను. ఒక్క చిన్న పనుంది అత్తయ్యా అంది. తిప్పేసరికి బొట్టు అటు పోయింది. బోసిగా ఉంటే అరిష్టమని నేనే వచ్చి మళ్లీ ఇటు పెట్టాను. అప్పటికి గంధం గిన్నె కడిగేశాను. అందుకే వట్టి కుంకుమ."

చాందిని అత్తగారి దగ్గరికి ఒక అడుగు వేసింది. "అత్తయ్యా, ఆ రాత్రి నేను పిల్లకి జ్వరమని పైన దాని దగ్గరే పడుకున్నాను కదా. మీరే కదా తడిగుడ్డ ఇచ్చారు," అంది. అడుగుతున్నట్టు అంది, దబాయిస్తున్నట్టు కాదు.

"ఏమో. నాకు గుర్తు లేదు," అంది లక్ష్మీకాంతం.

ఇందాక నాతో ఇలా చెప్పలేదు, ఒక్కటే పెట్టానన్నారు, ఎవరూ ముట్టుకోలేదన్నారు అని బాలకుమారి గట్టిగా అంది. ఆవిడ చిత్రంగా చూసింది. కొడుకు పోయిన ముసలిదాన్ని, ఏదో ఏడుపులో అని ఉంటాను, ఇప్పుడు నువ్వు అడిగితే వరసగా గుర్తొచ్చిందంది. కిరీటి వచ్చిన మాట నిజమే, ఇలా వచ్చి అలా బిళ్లలు తీసుకుని వెళ్లాడు, దిండు కిందే ఉన్నాయిగా అంది.

తారక్ బాలకుమారిని పక్కకి పిలిచాడు. వాడి గొంతులో వెక్కిరింత లేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది.

"ఆ మొదటి మాటలు మీ రికార్డర్‌లో ఉన్నాయా మేడమ్?"

సంచీలో ఆపేసి పడి ఉన్న రికార్డర్ సంగతి వాడికి చెప్పక్కర్లేకుండానే తెలిసిపోయింది.

"నా రికార్డర్‌లో ఉన్నది ఒక్కటే స్టేట్‌మెంట్," అన్నాడు. "నంబర్ మార్చకుండా డై తిప్పారని నాకు తెలీదు. కనిపెట్టింది మీరు. తిప్పింది ఈవిడే అని ఇప్పుడు కళ్లతో చూసిన సాక్షి ఉంది. నిన్నటిదాకా నా కేసులో ఆ ఒక్కటే లేదు."

నిజమే. నోరు మెదపకుండా ఉంటే వాడికి దొరకని తాడు, ఆవిడే పేని, ముడి కూడా వేసి చేతికిచ్చింది. ఒక ముసలిదాని మొహం మాడిపోతే చూద్దామన్న కక్కుర్తికి. బాలకుమారికి ఇన్నేళ్ల ఉద్యోగంలో తన మీద తనకి ఇంత రోత ఎప్పుడూ పుట్టలేదు.

యూనిఫాం ఆవిడ చాందిని చేతులు వెనక్కి తీసుకుని సంకెళ్లు వేసింది. చాందిని అరవలేదు, పెనుగులాడలేదు. పిల్లకి రాత్రి మందు ఎంత వెయ్యాలో, ఏ సీసాలోదో బాలకుమారికి చెప్పడం మొదలుపెట్టింది, మధ్యలో లెక్క తప్పి మళ్లీ మొదటినుంచి చెప్పింది. బాలకుమారి వింటూ నిలబడింది. నేనుండగా ఆ పిల్లకి ఏమీ కాదని అనబోయి, ఆ మాట అనే హక్కు తనకి లేదని ఊరుకుంది.

లక్ష్మీకాంతం కోడలి పక్కనుంచి, తగలకుండా తప్పుకుని మెట్లెక్కింది. ఒక్కో మెట్టూ మోకాలు పట్టుకుని ఎక్కింది. పై మెట్టు మీద ఆగి, ఊపిరి తీసుకుని పిలిచింది.

"కిరీటీ, పిల్లకి రెండు జతల బట్టలు సర్దు నాయనా. ఇవ్వాళ్టి నుంచి మన దగ్గరే ఉంటుంది. నువ్వు కూడా ఇంత అన్నం తిను, పొద్దుటినుంచి ఏమీ తినలేదు."